వీరుని పేరిట చదువు

2017 సెప్టెంబరు 13న రక్షణ మంత్రిత్వ శాఖలోని మాజీ సైనికుల సంక్షేమ విభాగం ఒక ఉత్తర్వు జారీ చేసింది. యుద్ధంలో చనిపోయిన, ఆచూకీ లేకుండా పోయిన, శాశ్వతంగా అంగవికలురైన సైనికుల పిల్లల చదువుకు ప్రభుత్వం చెల్లించే సొమ్ము ఇకమీదట నెలకు 10,000 రూపాయలు దాటకూడదన్నది దాని సారాంశం. ఆ ఏడాది జులై 1 నుంచే అమలన్నారు. అంతకు ముందు ఇలాంటి హద్దు లేదు. ఫీజు ఎంతైతే అంతా ప్రభుత్వమే భరించేది.

ఈ ఏర్పాటు వెనుక ఒక మాట ఉంది. 1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగిపోయింది. రెండు రోజులకే, డిసెంబరు 18న, లోక్‌సభలో ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది. నేలకొరిగిన వాళ్ల పిల్లల చదువు బాధ్యత దేశానిదని చెప్పింది. మరుసటి ఏడాది నుంచి అది అమలులోకి వచ్చింది. నలభై ఐదేళ్లపాటు ప్రభుత్వాలు మారినా, ఫీజులు పెరిగినా ఆ మాట చెక్కుచెదరలేదు. చివరికి దానికి కోత పెట్టింది శత్రువు కాదు, ఏడవ వేతన సంఘం సిఫారసుల అమలులో భాగంగా వచ్చిన ఒక లెక్క.

పదివేలు తక్కువేమీ కాదు కదా అనిపించవచ్చు. ఊరి బడిలో చదివే పిల్లవాడికి అది ఎక్కువే. ఇంజినీరింగు, వైద్య విద్య చదివే పిల్లలకు, హాస్టల్లో ఉన్నవాళ్లకు మాత్రం చదువు మధ్యలో కాళ్లకింద నేల కదిలినట్టయింది. ఆ శీతాకాలంలోనే నావికాదళాధిపతి, త్రివిధ దళాధిపతుల సంఘానికి అప్పటి అధ్యక్షుడు అడ్మిరల్ సునీల్ లాంబా రక్షణ మంత్రికి స్వయంగా ఉత్తరం రాశారు. దేశం కోసం ప్రాణం ఇచ్చినవాళ్ల కుటుంబాలను తలచుకుంటున్నామనడానికి ఈ చిన్న సాయం గుర్తు అని, హద్దు తీసేయాలని కోరారు. 2018 మార్చిలో హద్దు పోయింది. పాత మాట మళ్లీ నిలబడింది.

ఈ స్మారకోపన్యాసం ఆ ఉదంతంతో మొదలవడానికి కారణం ఉంది. సైనిక సేవను గౌరవించడమంటే మన మనసులో ముందు మెదిలేది పతకం, శాలువా, చౌరస్తాలో విగ్రహం. ఇవన్నీ కావలసినవే. కానీ సైనికుడు వదిలివెళ్లిన ఇంట్లో పదిహేను, ఇరవై ఏళ్లపాటు ప్రతి జూన్ నెలలో తలుపు తట్టే ప్రశ్న ఫీజు. దానికి జవాబు చెప్పిన గౌరవమే ఆ ఇంటికి అందుతుంది.

మేజర్ పద్మపాణి ఆచార్య సంగతి తెలుగువాళ్లలో చాలామందికి గుర్తుంటుంది. హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో డిగ్రీ చదివి, రాజపుతానా రైఫిల్స్ రెండో బెటాలియన్‌లో చేరిన అధికారి. 1999 జూన్ 28న కార్గిల్ కొండల మీద ప్రాణాలు వదిలాడు. మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు. అప్పటికి ఆయన బిడ్డ ఇంకా తల్లి కడుపులోనే ఉంది. అలాంటి బిడ్డ పుట్టి, పెరిగి, డిగ్రీ పూర్తి చేసేసరికి ఇరవై ఏళ్లకు పైనే పడుతుంది. అంటే ఒక యుద్ధం నాటి హామీ దాదాపు నాలుగైదు లోక్‌సభలను దాటి నిలబడాలి. ఏటా బడ్జెట్టు వేళ కొత్తగా బతిమాలుకునే పరిస్థితి ఉంటే అది హామీ ఎలా అవుతుంది?

పతకానికీ నెలనెలా కొంత భత్యం ఉంది. పరమవీర చక్ర పొందినవారికి 2017లో చేసిన సవరణ ప్రకారం నెలకు 20,000 రూపాయలు, అశోక చక్రకు 12,000, మహావీర చక్రకు 10,000, కీర్తి చక్రకు 9,000, వీర చక్రకు 7,000. 1950 జనవరి 26న ఏర్పడిన పరమవీర చక్ర ఇప్పటికి 21 మందికే దక్కింది. వాళ్లలో 14 మంది ఆ సంగతి వినడానికి బతికి లేరు. శౌర్యానికి దేశం ఇచ్చే గుర్తింపు ఎంత అరుదైనదో ఈ ఒక్క అంకె చెబుతుంది. అలాగే, పతకం అందని వేలమంది జవాన్ల ఇళ్లకు చదువు రూపంలో అందే గుర్తింపు ఎంత అవసరమో కూడా.

శౌర్యాన్ని కాక, సైనికుడి తెలివిని, పరిశీలనను గౌరవించే పతకం ఒకటి మన దేశంలో 1888 నుంచి ఉంది. దాని సంగతి బయటివాళ్లకు పెద్దగా తెలియదు. 1870లో సిమ్లాలో యునైటెడ్ సర్వీస్ ఇన్‌స్టిట్యూషన్‌ను స్థాపించిన చార్లెస్ మెక్‌గ్రెగర్ 1887లో కైరోలో మరణించాడు. మరుసటి ఏడాది ఆయన పేరిట ఒక స్మారక పతకం పెట్టారు. సైన్యానికి పనికొచ్చే సమాచారం కోసం ఎవరూ సరిగ్గా ఎరగని దారుల్లో తిరిగి, చూసింది చూసినట్టు రాసుకొచ్చిన వాళ్లకు అది బహుమతి. అధికారికి వెండి పతకం, సిపాయికి వెండి పతకంతోపాటు వంద రూపాయలు. ఆ రోజుల్లో వంద రూపాయలంటే సిపాయికి నెలల జీతం. భారతీయ సిపాయిలు కవాతు వేళ దాన్ని రిబ్బనుతో మెడలో వేసుకోవచ్చనే నియమం కూడా ఉండేది.

మొదట్లో అది సామ్రాజ్యపు అవసరాల కోసం పుట్టిన పతకమే, సందేహం లేదు. చైనా నుంచి మధ్య ఆసియా మీదుగా వచ్చిన మార్క్ బెల్, ఫ్రాన్సిస్ యంగ్‌హస్బెండ్ తొలి గ్రహీతల్లో ఉన్నారు. స్వతంత్రం వచ్చాక ఆ పతకానికి కొత్త జీవితం మొదలైంది. 1949లో జొరావర్ చంద్ బక్షీ అనే యువ అధికారి వేషం మార్చుకుని టిబెట్‌లో ఎనభై రోజులపాటు, 400 కిలోమీటర్లు తిరిగివచ్చినందుకు దాన్ని అందుకున్నాడు. 1965 యుద్ధంలో హాజీ పీర్ కనుమను పట్టుకున్నది ఆయన నాయకత్వంలోని సేనే. మంచుకాటుకు కాలివేళ్లు పోగొట్టుకుని కూడా కొండలెక్కడం మానని కర్నల్ నరేంద్ర కుమార్‌కు ఈ పతకం ఉంది. 1978లోనూ 1981లోనూ సియాచిన్ హిమానీనదం మీదికి ఆయన నడిపిన యాత్రలు తెచ్చిన సమాచారమే 1984 ఏప్రిల్‌లో ఆపరేషన్ మేఘదూత్‌కు దారి చూపింది. 2013లో ఎక్కడా ఆగకుండా, ఒంటరిగా, తెరచాప పడవలో భూగోళాన్ని చుట్టివచ్చిన నావికాదళ అధికారి అభిలాష్ టోమీ కూడా ఈ వరుసలోనివాడే. చచ్చేదాకా పోరాడడం ఒక్కటే సైనికుడి పని కాదు, నేర్చుకోవడం, నేర్చుకున్నది పదిమందికీ అందేలా రాసిపెట్టడం కూడా అతని వృత్తే అని ఈ పతకం నూటముప్పై ఏళ్లకు పైగా చెబుతూ వస్తోంది. దాన్ని ఇచ్చే సంస్థ ఇప్పుడు ఢిల్లీలో ఉంది. సైనికాధికారుల కోసం వ్యాసరచన పోటీలు పెడుతుంది, పదోన్నతి పరీక్షలకు, స్టాఫ్ కాలేజీ ప్రవేశానికి పోస్టల్ పాఠాలు పంపుతుంది.

స్మారకం చదువుగా మారిన మరో కథ పుణె దగ్గరి ఖడక్‌వాస్లాలో రాతి భవనంగా నిలబడి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో తూర్పు ఆఫ్రికా రంగంలో పోరాడి సూడాన్‌ను కాపాడిన భారతీయ సైనికుల త్యాగానికి కృతజ్ఞతగా 1941లో సూడాన్ ప్రభుత్వం లక్ష పౌండ్లు ఇచ్చింది. వాళ్ల పేరిట ఒక యుద్ధ స్మారకం కట్టమని ఆ డబ్బు. స్తూపం కట్టి ఊరుకోవచ్చు. ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. కానీ ఆ స్మారకం అకాడమీ రూపంలో ఉండాలన్న ఆలోచన గెలిచింది. దేశ విభజన తరువాత ఆ సొమ్ములో భారత్ వాటాకు వచ్చిన 70 వేల పౌండ్లు జాతీయ రక్షణ అకాడమీ ప్రధాన భవనానికి పోయాయి. ఆ భవనాన్ని ఇవాళ్టికీ సూడాన్ బ్లాక్ అనే పిలుస్తారు. 1949 అక్టోబరు 6న నెహ్రూ అకాడమీకి పునాదిరాయి వేశారు. ఆఫ్రికాలో చనిపోయిన సిపాయిల పేరిట వచ్చిన డబ్బు ఇన్నేళ్లుగా ఏటేటా కొత్త అధికారులను తయారుచేస్తోంది. స్మారకానికి ఇంతకన్నా మంచి రూపం దొరకదు.

ఆ అకాడమీలో చదివిన తెలుగువాళ్లలో సూర్యాపేట బిడ్డ కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు ఒకరు. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో బిహార్ రెజిమెంట్ 16వ బెటాలియన్‌ను ముందుండి నడిపిస్తూ అమరుడయ్యారు. మహావీర చక్ర పొందారు. ఆయన అకాడమీకి వెళ్లింది విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక పాఠశాల నుంచి. 1962 జనవరి 18న మొదలైన ఆ బడికి తన రాజభవనాన్నీ భూమినీ ఇచ్చినవారు విజయనగరం సంస్థానాధీశుడు పి.వి.జి. రాజు. సామాన్య కుటుంబాల పిల్లలు స్కాలర్‌షిప్పుతో అక్కడ చేరి అధికారులయ్యారు. ఒక రాజు దానం చేసిన కోట నుంచి ఒక కర్నల్ వచ్చాడు. దానం చేసేవాళ్లు ఈ వరుసను గమనించాలి.

ఇంతవరకు పిల్లల సంగతి, అధికారుల సంగతి. జవాను స్వయంగా చదువుకోవడం మాటేమిటి? పందొమ్మిదేళ్లకు సైన్యంలో చేరినవాడు ముప్పై ఐదుకో నలభైకో ఇంటికి వస్తాడు. పిల్లలు బడికి వెళ్లే వయసు, తల్లిదండ్రులు మంచాన పడే వయసు, ఊళ్లో తనతోటివాళ్లు ఉద్యోగాల్లో స్థిరపడిపోయిన వయసు. ఏటా దాదాపు 60 వేల మంది ఇలా యూనిఫాం విప్పుతారు. రాడార్ నడిపినవాడికి, వంతెనలు కట్టినవాడికి, రోగులకు సూదిమందు వేసినవాడికి బయట పనికొచ్చే కాగితం లేకపోతే చివరికి దొరికేది ఏటీఎం ముందు కాపలా ఉద్యోగమే. ఆ పని తక్కువదని కాదు. అతనికి తెలిసిన విద్య వృథా పోవడమే బాధ.

ఈ లోటు పూడ్చడంలో మన విశాఖపట్నం విశ్వవిద్యాలయానికి మంచి పేరుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం నావికాదళంతో ‘సాగర్‌దీప్’ పేరిట, 2016లో వైమానిక దళంతో ‘ఆకాశ్‌దీప్’ పేరిట ఒప్పందాలు చేసుకుంది. కొలువులో పొందిన శిక్షణను లెక్కలోకి తీసుకుంటూ సైనికులు డిగ్రీ పూర్తిచేసే దారి ఇది. సముద్రం మీద ఉన్నవాడు, ఎడారి స్థావరంలో ఉన్నవాడు చదువు మానుకోనక్కర లేదు. ఇగ్నో ‘జ్ఞాన్‌దీప్’ పేరిట సైన్యంతో కలిసి ఇలాంటి పనే చేసింది. పునరావాస డైరెక్టరేట్ జవాన్లకు పదవీ విరమణకు ముందు ఉచితంగా కోర్సులు నేర్పిస్తుంది. అధికారులు ఐఐఎంలలో ఆర్నెల్ల మేనేజ్‌మెంట్ కోర్సు చేస్తే ఫీజులో 60 శాతం అదే భరిస్తుంది. 2022లో వచ్చిన అగ్నిపథ్ తరువాత ఈ విషయానికి ఇంకా తొందర పెరిగింది. నాలుగేళ్లకే నూటికి డెబ్భై ఐదుమంది పింఛను లేకుండా వెనక్కి వస్తారు. వాళ్ల శిక్షణకు డిగ్రీలో సగం క్రెడిట్లు ఇస్తామని ఇగ్నో ముందుకు రావడం సరైన అడుగు. ఆ డిగ్రీని ఉద్యోగం ఇచ్చేవాడు డిగ్రీగా గుర్తించినప్పుడే అది పూర్తవుతుంది.

సైనికుడికి చదువు చెప్పించడం ఖర్చా, పెట్టుబడా అన్న వాదన తేలిపోయి చాలాకాలమైంది. తేల్చింది అమెరికా. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి వచ్చిన తమ సైనికులను ఆ దేశం సరిగ్గా చూసుకోలేదు. 1932లో మాంద్యం రోజుల్లో, రావలసిన బోనస్ కోసం వేలమంది మాజీ సైనికులు వాషింగ్టన్‌లో గుడారాలు వేసుకుని కూర్చుంటే, సైన్యాన్నే పంపి వాళ్లను తరిమేశారు. ఆ అవమానం మళ్లీ జరగకూడదని అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం పట్టుబట్టింది. దాని నాయకుల్లో ఒకరైన హ్యారీ కోల్మరీ వాషింగ్టన్‌లోని ఒక హోటల్ గదిలో కూర్చుని చట్టం ముసాయిదా చేత్తో రాశాడు. కాంగ్రెస్ ఉమ్మడి కమిటీలో ఓట్లు సమానమై బిల్లు ఆగిపోతుంటే, జార్జియాలో ఉన్న సభ్యుడు జాన్ గిబ్సన్‌ను రాత్రికి రాత్రి రప్పించి ఓటు వేయించారు. 1944 జూన్ 22న అధ్యక్షుడు రూజ్వెల్ట్ సంతకం చేశాడు. జీఐ బిల్ అని జనం పిలిచే చట్టం అదే.

దాని కింద చదువుకునే మాజీ సైనికుడికి ఏడాదికి 500 డాలర్ల దాకా ఫీజు, పైగా బతకడానికి నెలనెలా కొంత భృతి. అప్పట్లో పేరున్న విశ్వవిద్యాలయాల ఫీజు కూడా ఆ అయిదువందల్లో ఇమిడేది. సైనికులు కాలేజీకి వస్తే ప్రమాణాలు పడిపోతాయని కొందరు విద్యావేత్తలు భయపడ్డారు. జరిగింది దానికి పూర్తిగా విరుద్ధం. 1947 నాటికి అమెరికా కాలేజీల్లో చేరినవాళ్లలో దాదాపు సగంమంది మాజీ సైనికులే. 1956లో ఆ పథకం ముగిసేసరికి రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన కోటీ అరవై లక్షల మందిలో 78 లక్షల మంది ఏదో ఒక చదువో శిక్షణో పొందారు. వాళ్లలో 22 లక్షల మంది కాలేజీ మెట్లెక్కారు. మిగతావాళ్లు పొలం పని, యంత్రాల పని, చేతిపనులు నేర్చుకున్నారు. ఖర్చు 1,450 కోట్ల డాలర్లు.

అయితే ఆ కథకు మచ్చ ఉంది. దాన్ని దాచి పొగిడితే తప్పు. చట్టంలో రంగు ప్రస్తావన లేదు. అమలు మాత్రం రాష్ట్రాల్లోని స్థానిక కార్యాలయాల చేతిలో, బ్యాంకుల చేతిలో, కాలేజీల చేతిలో పెట్టారు. దక్షిణాది కాలేజీలు నల్లజాతి వాళ్లను చేర్చుకోలేదు. వాళ్లకున్న కొద్దిపాటి కాలేజీల్లో చోటు చాలలేదు. 1947లో మిసిసిపీ రాష్ట్రంలో ఈ చట్టం కింద హామీ ఇచ్చిన 3,229 రుణాల్లో నల్లవాళ్లకు దక్కినవి రెండే. నార్మండీలో పనిచేసివచ్చిన మెడ్గర్ ఎవర్స్ నల్లజాతి వాళ్ల ఆల్కార్న్ కాలేజీలో డిగ్రీ చదివి, 1954లో మిసిసిపీ విశ్వవిద్యాలయం న్యాయ కళాశాలకు దరఖాస్తు పెడితే చేర్చుకోలేదు. పౌరహక్కుల కోసం పోరాడుతూ 1963లో హత్యకు గురయ్యాడు. ఆయన్ని ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో ఖననం చేశారు. దేశం సమాధికి చోటిచ్చింది, తరగతి గదిలో ఇవ్వలేదు. ఏ స్కాలర్‌షిప్పు నియమావళి రాసేవాళ్లయినా ఈ సంగతి ఎరిగి ఉండాలి. పథకం ఎంత గొప్పదైనా దాన్ని చేతికందించే చివరి బల్ల దగ్గర కూర్చున్న మనిషే దాని విలువ తేలుస్తాడు.

మన దగ్గర ఆ చివరి బల్ల జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఉంటుంది. అక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది వయసుమళ్లిన హవల్దార్లు, భర్త పోయిన ఆడవాళ్లు. పథకాలు లేకపోలేదు. 2006లో మొదలైన ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ కింద మాజీ సైనికుల కుటుంబాల నుంచి ఏటా 5,500 మందిని కొత్తగా ఎంపిక చేస్తారు. ఇంజినీరింగు, వైద్యం లాంటి వృత్తివిద్యలకు అబ్బాయిలకు నెలకు 2,500, అమ్మాయిలకు 3,000 రూపాయలు. 2019 మేలో మొత్తాలను ఈ స్థాయికి పెంచి, ఉగ్రవాద, నక్సల్ దాడుల్లో మరణించిన రాష్ట్ర పోలీసుల పిల్లలకూ ఏటా 500 స్కాలర్‌షిప్పులు చేర్చారు. 2013లో ప్రాణమిచ్చి 2014 గణతంత్ర దినోత్సవాన అశోక చక్ర పొందిన గ్రేహౌండ్స్ పోలీసు అధికారి ప్రసాద్ బాబును కన్న నేలకు ఆ చేర్పు విలువ వేరే చెప్పనక్కర లేదు. హవల్దారు, అంతకన్నా కింది హోదాల వాళ్ల పిల్లలు ఇద్దరికి నెలకు వెయ్యి చొప్పున వచ్చే విద్యా సాయాన్ని 2025 నవంబరు 1 నుంచి రెండు వేలు చేశారు.

పెంచినందుకు సంతోషించాలి. కానీ మధ్యలో గడిచిన ఏళ్లలో కాలేజీ ఫీజులు ఎంత పెరిగాయో ప్రతి తల్లికీ తెలుసు. రూపాయల్లో గీత గీసిన సాయం ఏటికేడాది తరిగిపోతుంది. 1971 నాటి మాట అంత గట్టిగా నిలబడడానికి కారణం అందులో రూపాయల అంకె లేకపోవడమే. ప్రభుత్వాలే కాదు, తల్లిదండ్రుల పేరుమీదో, అమరుడైన కొడుకు పేరుమీదో కాలేజీల్లో నిధి పెట్టే కుటుంబాలు కూడా దీన్ని గుర్తుంచుకోవాలి. ఎప్పుడో పెట్టిన నిధి మీద వచ్చే వడ్డీ ఇవాళ ఒక పుస్తకం ధరకు చాలకపోతే, ఆ పేరు బోర్డు మీద మిగులుతుంది గానీ పిల్లవాడి చేతికి రాదు.

తెలియకపోవడం ఇంకో పెద్ద గోడ. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్పుకు కోర్సులో చేరిన మొదటి ఏడాదే దరఖాస్తు పెట్టుకోవాలి. అర్హత పరీక్షలో 60 శాతం రావాలి. రెండో ఏట తెలిస్తే లాభం లేదు. సైనికుడి డిశ్చార్జి పుస్తకంలో బిడ్డ పేరు, పుట్టినతేదీ సరిగ్గా నమోదై ఉండాలి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక అక్షరం తేడా ఉంటే రెజిమెంట్ రికార్డ్ ఆఫీసు నుంచి దిద్దించుకు రావాలి. ఆ ఆఫీసు ఎక్కడో జబల్‌పూర్‌లోనో, దానాపూర్‌లోనో ఉంటుంది. భర్త పోయిన ఇంట్లో ఈ తిరుగుడు ఎవరు తిరుగుతారు? ఈ స్కాలర్‌షిప్పు వితంతువుకు కూడా వర్తిస్తుందనీ, ఇరవై ఐదేళ్లకే ఒంటరైన భార్య తానే కాలేజీలో చేరవచ్చనీ ఎంతమందికి చెవిన పడింది?

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులను పంపి మిలటరీ మాధవరం అన్న పేరు తెచ్చుకుంది. అలాంటి ఊళ్లో ఒకరికి తెలిస్తే పదిమందికి చేరుతుంది. మండలానికి ఒక్క జవాను ఉన్నచోట ఆ కుటుంబానికి చెప్పేవాళ్లు ఉండరు. డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం నాడు చిన్న జెండా గుండీకి తగిలించుకుని డబ్బాలో నాణెం వేసే అలవాటు 1949 నుంచి ఉంది. ఆ డబ్బు మాజీ సైనికుల కుటుంబాలకే చేరుతుంది. ఆ రోజున ప్రతి జూనియర్ కాలేజీ నోటీసు బోర్డు మీద ఈ స్కాలర్‌షిప్పుల వివరం కూడా పెడితే ఖర్చేమీ లేదు.

కాబట్టి ఈ ఉపన్యాసం చదువుతున్న లెక్చరర్లకు, పంచాయతీ కార్యదర్శులకు, పాత విద్యార్థి సంఘాల వారికి ఒక విన్నపం. మీ ఊళ్లో, మీ తరగతిలో సైన్యంలో పనిచేసినవారి బిడ్డ ఎవరైనా ఇంటర్ పూర్తిచేశారేమో కనుక్కోండి. తండ్రి డిశ్చార్జి పుస్తకం, పింఛను కాగితాలు, మార్కుల జాబితా పట్టుకుని కాలేజీలో చేరిన ఆ ఏడాదే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లమని చెప్పండి. వీలైతే ఒకరోజు సెలవు పెట్టి వెంట వెళ్లండి.